ఐసు మేస్త్రి ఇత్తడి గొట్టం

ఫ్రిజ్జులు, ఏసీలు బాగుచేసేవాళ్ళ సంఘం నుంచి ఇద్దరు మా ఇంటికి వచ్చారు. ఈ ఏడాది సభలో మా తోడల్లుడికి సన్మానం చేస్తున్నారట. అతని జీవితం గురించి ఒక పేజీ రాసి ఇమ్మని అడిగారు. "మీరు కాలేజీలో ఫిజిక్స్ చెప్తారు, పైగా ఇంటి మనిషి. మీకంటే బాగా ఎవరు రాస్తారండీ?" అన్నారు. సరేనన్నాను. వాళ్ళు మెట్లు దిగాక తలుపు కాస్త గట్టిగానే వేశాను.

దాపరికం ఎందుకు, మా తోడల్లుడంటే నాకు కుళ్ళు. నిన్నా మొన్నా పుట్టింది కాదు, పదిహేడేళ్ళది. అతను మా ఆవిడ చెల్లెల్ని పెళ్ళి చేసుకున్న నాటి నుంచీ దాన్ని పెంచి పోషిస్తున్నాను. ఆ కుళ్ళుతో నేను చేసిన ఒక పని వల్ల మా బావమరిది చేతులు పనికిరాకుండా పోయాయి. మొన్నమొన్నటి దాకా ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. అది వదిలేసి అతని జీవితం రాస్తే సగం అబద్ధమవుతుంది. అందుకే సంఘం వాళ్ళు అడిగింది పక్కన పెట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అతన్ని వీధిలో అందరూ ఐసు మేస్త్రి అంటారు. పదో తరగతి తప్పాడు. తప్పింది కూడా సైన్సులోనే. ఆ వయసులోనే ఐసు కార్ఖానాలో చేరి, పన్నెండేళ్ళు మంచు దిమ్మలు లాగాడు. ఆ చలికి వేళ్ళ చివర్లు మొద్దుబారిపోయాయి. అందుకే వేడీ చల్లా తెలుసుకోవాలంటే వేళ్ళతో ముట్టుకోడు, అరచెయ్యి తిప్పి వెనకభాగం ఆనిస్తాడు. ఫ్రిజ్జు వెనక గొట్టాల మీద అలా చెయ్యి ఆనించుకుంటూ పోయి, "ఇదిగో, ఇక్కడ మూసుకుపోయింది" అంటాడు. నేనైతే థర్మామీటరు లేకుండా ఏదీ నమ్మను. అతని చెయ్యి ఇంతవరకూ తప్పలేదన్నది వేరే విషయం.

అతని దుకాణం ఒక టైలరుకీ ఒక జిరాక్సు షాపుకీ మధ్య ఇరుకు గది. బయట కాలిబాట మీద చచ్చిపోయిన ఫ్రిజ్జులు నాలుగైదు ఎప్పుడూ ఉంటాయి, తలుపులు ఊడదీసి. పిల్లలెవరైనా ఆటకి లోపల దూరి తలుపేసుకుంటారేమోనని, ఏ ఫ్రిజ్జు పనికిరాదని తేలినా ముందు దాని తలుపు ఊడదీస్తాడు. లోపల బల్ల కింద ఒక రేకు డబ్బా. దాని మీద పెయింటుతో "తప్పులు" అని రాసి ఉంటుంది. కొలత తప్పి కోసిన గొట్టం, వంకరగా పడ్డ మర, పొరపాటున చేసిన ఏ ముక్కైనా అందులోకే పోతుంది. అయితే నేరుగా పోదు. పారేసే ముందు ప్రతి తప్పు ముక్కనీ ఒకసారి బిగించి, గాలి పెట్టి చూస్తాడు. "తప్పు ఏం చేస్తుందో చూస్తే కదా ఒప్పు ఎందుకు ఒప్పో తెలిసేది" అంటాడు. మా కాలేజీ ల్యాబులో విద్యార్థికి తప్పు రీడింగు వస్తే నేను కొట్టేయమంటాను.

ఇక కుళ్ళు మొదలైన రోజు గురించి చెప్పాలి. అతను కొత్తల్లుడుగా వచ్చిన మొదటి నెలలో అందరం మా అత్తగారింట్లో కలిశాం. ఆ ఇంటికి అప్పటిదాకా చదువుకున్న అల్లుణ్ణి నేనొక్కణ్ణే. కరెంటు బిల్లు నుంచి చంద్రగ్రహణం దాకా ఏ అనుమానం వచ్చినా నన్నే అడిగేవారు. కొత్తాయన సంగతేమిటో తేల్చేద్దామని ఒక చిక్కు ప్రశ్న వేశాను. క్లాసులో ఎంతమందిని పడగొట్టిన ప్రశ్న అది!

"ఏమయ్యా, ఒక గదికి తలుపులు కిటికీలు అన్నీ మూసేసి, లోపల ఫ్రిజ్జు తలుపు తెరిచి వదిలేశామనుకో. గంటయ్యాక గది చల్లబడుతుందా?"

"చల్లబడదూ మరి?" అంది మా అత్తగారు.

"హాయిగా కాళ్ళు బార్లా చాపి పడుకోవచ్చు" అన్నాడు మా బావమరిది.

కొత్తల్లుడు మాత్రం మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టి, "వేడెక్కుతుంది అన్నయ్యగారూ" అన్నాడు. "ఫ్రిజ్జు చలిని పుట్టించదు కదండీ. లోపలి వేడిని తోడి వెనకాల పారబోస్తుంది. తోడిందీ ఆ గదిలోనే, పోసిందీ ఆ గదిలోనే. పైగా ఆ తోడే మోటారు ఊరికే తోడదు కదా, దాని వేడి కూడా కలుస్తుంది."

బొమ్మ గీసి చెప్పడానికి నేను అప్పటికే జేబులోంచి పెన్ను తీశాను. మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. మా అత్తగారు, "అబ్బ, ఇన్నాళ్ళకి అర్థమయ్యేలా ఒక్క ముక్క విన్నాను" అంది. ఆవిడ నన్ను అనాలని అనలేదు. అదే ఇంకా మండింది.

ఆ తర్వాత మా అమ్మాయి. నా కడుపున పుట్టిన పిల్ల! కొండ ఎక్కితే సూర్యుడికి దగ్గరవుతాం కదా, మరి పైన చలెందుకని అడిగింది. పావుగంట చెప్పాను. తల ఊపింది. ఆదివారం బాబాయి రాగానే అదే ప్రశ్న అతన్నీ అడిగింది. "కింద పైగాలి బరువుకి నొక్కుకుని ఉన్న గాలి పైకి పోయి ఒళ్ళు విరుచుకుంటుందమ్మా. సిలిండర్లోంచి గ్యాసు వదిలితే దాని మూతి జిల్లుమనదూ? అదీ ఇదీ ఒకటే" అన్నాడు. మా కాలేజీలోనే చదివే ఆ పిల్ల పరీక్షలో ఆ జవాబే రాసింది. పేపరు దిద్దిన నా సహోద్యోగి నాకు చూపించి, "మీ పోలికే వచ్చింది" అని మెచ్చుకున్నాడు. థాంక్స్ చెప్పాను. చెప్పకేం చేస్తాను?

"నాన్నా, నువ్వు చెప్పేది రాసుకోవడానికి బాగుంటుంది" అంది అమ్మాయి ఇంటికొచ్చాక. ఓదార్పుగానే అంది.

ఇలాంటివి ఎన్నని చెప్పను. నా పేరు, నా డిగ్రీలు ఇత్తడి అక్షరాలతో మా గుమ్మం పక్కనే ఉన్నాయి. వాటి ముందు నుంచే నడుచుకుంటూ పోయి జనం అతని బల్ల మీద కూర్చుంటారు. నిప్పు లేని ఇండక్షన్ పొయ్యి మీద గిన్నె ఎలా కాగుతుందని టైలరు అడుగుతాడు. జిరాక్సు షాపావిడ పొడి కాగితాలు చెయ్యి తగిలితే ఎందుకు అంటుకుంటాయంటుంది. అతను చేతిలో పని ఆపకుండా చెప్తాడు. తెలియకపోతే నవ్వేసి, "అన్నయ్యగారిని అడిగి చెప్తా" అంటాడు. నిజంగానే వచ్చి అడుగుతాడు. నేను చెప్పినది తీసుకెళ్ళి, పది మాటల్లోకి కుదించి, నా పేరు పెట్టి మరీ చెప్తాడు. ఆ మంచితనం చూస్తే నాకు ఒళ్ళు మండేది. దొంగతనం చేసినా కొంత సుఖంగా ఉండేది, తిట్టుకోవడానికి పనికొచ్చేది.

ఇప్పుడు మా బావమరిది విషయానికి వస్తాను. అక్కాచెల్లెళ్ళిద్దరికీ ఒక్కడే తమ్ముడు. పెద్ద పెద్ద ఇనప ట్యాంకులు తయారుచేసే వర్క్‌షాపులో వెల్డరు. చేతి పనిలో వాడికి సాటి లేరు. వాడు వేసిన అతుకు మీద వేలు రాస్తే ఎక్కడా తగలదు. కానీ ట్యాంకు లోపలి అతుకులు లోపలికి దూరే వెయ్యాలి. మనిషి పట్టేంత కంతలోంచి దిగి, ముసుగు, తోలు కోటు వేసుకుని, చుట్టూ కాలిన ఇనుము మధ్య గంటలకొద్దీ కూర్చోవాలి. వేసవిలో బయటికొచ్చి బూట్లు వంచితే చెమట ధారగా కారేది. రెండుసార్లు కళ్ళు తిరిగి పడ్డాడు. లోపలికి ఫ్యాను పెడితే వేడిగాలే తిరిగి మొహాన కొట్టేదట.

"వాడిచేత ఆ పని మానిపించండి, లేకపోతే ఆ వేడికేదైనా దారి చూడండి. ఇద్దరల్లుళ్ళున్నారు, ఒకరు చదువుకున్నారు, ఒకరు చల్లదనం పనిలో ఉన్నారు" అంటూ మా అత్తగారు కళ్ళొత్తుకునేది.

మూడేళ్ళ కిందట ఎండలు మొదలయ్యే రోజుల్లో ఒక ఆదివారం ఐసు మేస్త్రి మమ్మల్నందర్నీ దుకాణానికి రమ్మన్నాడు. కాయిళ్ళలో దుమ్ము ఊదడానికి రెండు మూతుల ఇత్తడి గొట్టం చేద్దామనుకున్నాడట. ఒక మూతికి సన్న కంత, రెండోదానికి తిప్పితే బిగుసుకునే మర. గాలి పక్క నుంచి లోపలికి రావాలి. ఆ పక్క రంధ్రం వేసేటప్పుడు డ్రిల్లు జారింది. నడిమికి పడాల్సిన రంధ్రం ఓరగా, గోడ వారకి పడింది. తప్పుల డబ్బాలో వేసే ముందు అలవాటు ప్రకారం గాలి పెట్టి చూశాడు. చూసి, ఆ రోజంతా గిరాకీని ముట్టుకోలేదట.

"మీరందరూ చెయ్యి పెట్టి చూడండి. నాకు పిచ్చెక్కిందో లేదో తేలిపోతుంది" అన్నాడు.

గొట్టం బల్లకి బిగించి, కంప్రెసరు గాలి వదిలాడు. జానెడు గొట్టం. అందులో కదిలే ముక్క ఒక్కటీ లేదు. నిప్పు లేదు, గ్యాసు లేదు, తీగ లేదు. మామూలు గాలి పక్క నుంచి దూరి కీచుమని అరుస్తోంది. కాసేపటికి మర ఉన్న మూతి చెయ్యి పెట్టలేనంతగా కాలింది. సన్న కంత ఉన్న మూతి చుట్టూ ముందు చెమ్మ పట్టింది, తర్వాత తెల్లగా మంచు పేరుకుంది. ఒకే గాలి, ఒకే గొట్టం! మా అత్తగారు ముక్కున వేలేసుకుంది. మా ఆవిడా మరదలూ చెయ్యి పెడుతూ, తీస్తూ చిన్నపిల్లల్లా నవ్వారు. బావమరిది ఆ చల్లగాలిని చొక్కా కాలర్లోకి వదులుకుని కళ్ళు మూసుకున్నాడు.

"మా వర్క్‌షాపులో గాలి గొట్టాలు ప్రతి ట్యాంకు దాకా ఉన్నాయి చిన్నబావా" అన్నాడు. "దీన్ని నడుముకి కట్టుకుంటే?"

"నేనూ అదే అనుకున్నా. చల్లమూతి కోటు లోపలికి, వేడిమూతి బయటికి" అని, అతను నా వైపు తిరిగాడు. "కానీ ఎందుకిలా అవుతోందో తెలియకుండా మనిషి ఒంటికి కట్టలేను. ఎందుకు అన్నయ్యగారూ?"

అందరూ నన్నే చూశారు. నాకు తెలియదు. ఇరవై ఏళ్ళకు పైగా ఈ శాస్త్రం చెప్పి, ఇలాంటి వస్తువు ఒకటి ఉండగలదని కూడా నాకు తెలియదు. పదో తరగతి తప్పిన మనిషి డ్రిల్లు జారి దాన్ని పట్టుకున్నాడు. ఆ క్షణంలో "నాకు తెలియదు" అన్న రెండు మాటలు నోటికి వచ్చుంటే ఈ కథే లేదు.

"ఇది కుదరదు" అన్నాను. "గాలి దానంతటది ఒకవైపు వేడీ ఒకవైపు చల్లగా విడిపోవడం ప్రకృతి నియమానికే విరుద్ధం. నీ గొట్టంలో రాపిడికి ఒక కొస కాలుతోంది, చెమ్మ వల్ల ఇంకో కొస చల్లబడుతోంది. నాలుగు నిమిషాల ముచ్చట. మనిషి మీద కట్టి, లోపల మంచు గడ్డకట్టి గొట్టం పగిలిందంటే ఎవరు జవాబు చెప్తారు? వాడి ప్రాణంతో ఆటలాడతావా?"

నేను చెప్పింది శుద్ధ తప్పు. కంప్రెసరు పని చేసి గాలిని నొక్కి పెడుతోంది కాబట్టి ఏ నియమానికీ లోటు రాదు. ఫ్రిజ్జు ప్రశ్నలో నేనే అందరికీ పాఠం చెప్పబోయిన సూత్రమది. కుళ్ళు కళ్ళే కాదు, చదువు కూడా కప్పేస్తుంది.

అతను వాదించలేదు. గాలి ఆపి, గొట్టం విప్పి, కాసేపు చేతిలో పట్టుకుని తప్పుల డబ్బాలో వేశాడు. "మీరు చెప్పబట్టి సరిపోయింది, లేకపోతే వాడి మీద ప్రయోగం చేసేసేవాణ్ణి" అన్నాడు. మా అత్తగారు, "పెద్దల్లుడు ఉండబట్టి" అంది. పద్నాలుగేళ్ళ తర్వాత ఆ మాట! ఇంటికి వస్తుంటే నా నడక కూడా మారింది.

రెండు వారాలకి మా కాలేజీ లైబ్రరీలో, ఎవరూ ముట్టని అరలో, వింత పరికరాల గురించిన పాత పుస్తకం ఒకటి దొరికింది. వెతకలేదని అనను, వెతికాను. నేను చెప్పిందే నిజమని ఎక్కడైనా అచ్చులో కనిపిస్తే చాలనుకున్నాను. తొంభై ఆరో పేజీలో అతని గొట్టం కనిపించింది. అదే బొమ్మ, అదే ఓర రంధ్రం, అదే మర. దాన్ని ఎప్పుడో ఎవరో కనుక్కున్నారట. లోపల గాలి గోడని రాసుకుంటూ సుడి తిరుగుతుంది, బయటి పొర వేడెక్కి ఆ చివరికి పోతుంది, నడిమి పొర చల్లబడి వెనక్కి వస్తుంది అని రాశారు. కొలిమి దగ్గర పనిచేసేవాళ్ళు దీన్ని కోటుకి తగిలించుకుంటారని కూడా రాశారు.

నిలబడే చదివాను. ముందు నాకు సంతోషం వేసింది. అతను కొత్తగా కనుక్కున్నదేం కాదు! తర్వాత తల కొట్టేసినట్టయింది. పుస్తకం ఇంటికి తెచ్చుకున్నాను, చెబుదామనే తెచ్చుకున్నాను. ఆదివారం సంచిలో పెట్టుకుని అత్తగారింటికి వెళ్ళాను. గుమ్మంలోనే నవ్వులు వినిపించాయి. నేనెప్పుడూ కూర్చునే కుర్చీలో అతను కూర్చున్నాడు. మా అమ్మాయి దాని చేతి మీద కూర్చుని బాబాయి భుజం మీద వాలి ఏదో వింటోంది. నన్ను చూడగానే అతను లేచి నిలబడి, "రండి అన్నయ్యగారూ, కూర్చోండి" అన్నాడు. అమ్మాయి మొహం చిన్నబుచ్చుకుంది. సంచి తీసుకొని ఎలా వచ్చినవాణ్ణి అలాగే వెళ్ళిపోయాను.

వచ్చేవారం చెబుదామనుకున్నాను. ఆ వారం మా అత్తగారు అతని గురించే మాట్లాడింది. ఆ పై వారం వర్షం కురిసింది, ఇక ఈ ఏటికి వేడి తగ్గినట్టే కదా అనుకున్నాను. పుస్తకం అలమరలో నా చొక్కాల కిందికి చేరింది. పొద్దున్న చొక్కా తీసినప్పుడల్లా చేతికి తగిలేది. రేపు చెబుదామనుకునేవాణ్ణి. అలా పదకొండు నెలలు గడిచాయి.

తర్వాతి వేసవిలో ఒక మధ్యాహ్నం బావమరిది ట్యాంకులోంచి బయటికి రాలేదు. పిలిస్తే పలకలేదు. లోపలికి దిగి తాళ్ళు కట్టి లాగారు. ఒళ్ళు కాలిపోతోందట, చెమట మాత్రం లేదట. ఆస్పత్రిలో ఆరు రోజులు కళ్ళు తెరవలేదు. బతికాడు. కానీ వేడికి మెదడులో ఏదో చోటు దెబ్బతింది, చేతులు వణుకుతాయి. గ్లాసు పట్టుకుంటే నీళ్ళు తొణుకుతాయి. ఇక వెల్డింగు రాడ్డు పట్టుకునే మాట లేదు.

పదో రోజు నేను ఆ పుస్తకం తీసుకుని ఐసు మేస్త్రి దగ్గరికి వెళ్ళాను. తొంభై ఆరో పేజీ తెరిచి ముందు పెట్టాను. అతను బొమ్మనే చాలాసేపు చూశాడు. నన్ను కావలించుకుని ఏడ్చాడు.

"ఇంత బాధలో కూడా వెతికి పట్టుకొచ్చారు అన్నయ్యగారూ. ఎందుకవుతుందని రాశారు ఇందులో?"

"ఇప్పటికీ పూర్తిగా తేలలేదట. ఒక్కొక్కళ్ళు ఒక్కో మాట చెప్తున్నారు" అన్నాను.

"అయితే ఆ రోజు మీకు తెలియకపోవడంలో మీ తప్పేం లేదు" అన్నాడు.

పుస్తకం ఎప్పుడు దొరికిందో చెప్పకుండానే ఇంటికి వచ్చేశాను.

అతను మళ్ళీ గొట్టం చేశాడు, దాన్ని నడుము దగ్గర తగిలించుకునే కోటు కుట్టించాడు. ఇప్పుడు ఆ వర్క్‌షాపులో ట్యాంకుల్లోకి దిగే ఎనిమిది మందీ ఆ కోట్లే వేసుకుంటారు. సన్మానం కూడా అందుకే. ఎవరు మెచ్చుకున్నా అతను ఒకటే చెప్తాడు: "నేను తప్పని పారేస్తే, మా అన్నయ్యగారు పుస్తకం వెతికి ఒప్పని చెప్పారు." వీధిలో నన్ను ఆపి మెచ్చుకుంటున్నారు. రెండేళ్ళుగా ఆ మెచ్చుకోలు తింటున్నాను. ఏం దాచను, రుచిగానే ఉంది.

అయినా కుళ్ళు పోలేదు. ఈసారి ఆదివారాల మీద పడింది. ఆదివారం వస్తే చాలు, అతను దుకాణం మూసి బావమరిది దగ్గరికి వెళ్ళి పూటంతా కూర్చుంటాడు. "కన్నకొడుకులా చూసుకుంటున్నాడు చిన్నల్లుడు" అని మా అత్తగారు అందరితోనూ చెప్తుంది. నా ముందూ చెప్తుంది. నేను వెళ్తే అరగంటలో మాటలు అయిపోతాయి. ఇతనికి పూటంతా ఏం మాటలుంటాయి? మంచివాడనిపించుకోవాలన్న యావ కాకపోతే? ఇలా అనుకుంటూ ప్రతి ఆదివారం పళ్ళు నూరుకున్నాను.

సంఘం వాళ్ళు వచ్చి వెళ్ళాక, వివరాలు కావాలి కదా అని బావమరిది దగ్గరికి వెళ్ళాను. వాడిప్పుడు అదే వర్క్‌షాపు స్టోరు గదిలో ఉంటాడు. చేతి తొడుగులు, ముసుగులు ఇచ్చి పుచ్చుకునే పని. కిటికీ అవతల నిలబడ్డ మనిషికి వణికే చేత్తో తొడుగుల జత అందించి, నా వైపు తిరిగాడు.

"చిన్నబావ గురించి ఏం రాయాలిరా? ఆదివారాలు నీ దగ్గరే కదా ఉంటాడు. ఏం మాట్లాడతాడు?" అని అడిగాను. నా గొంతులో పుల్ల విరుపు నాకే వినిపించింది.

"మాట్లాడడు బావా."

"మరి?"

"నా చేతులు పట్టుకుని కూర్చుంటాడు. కాసేపటికి ఏడుస్తాడు. 'కళ్ళతో చూశానురా, చేత్తో ముట్టుకున్నానురా, మంచు పట్టిందిరా. అయినా పారేశాను. నా చేతి మీద నాకు నమ్మకం లేక నిన్నిలా చేశాను' అంటాడు. ప్రతి వారం ఇదే పాట. నీ తప్పు కాదు బావా అని నేనెన్నిసార్లు చెప్పానో. వినడు. అక్కకి కూడా తెలియదు ఇది. నువ్వైనా చెప్పు. నీ మాటంటే వేదం ఆయనకి."

స్టోరు గది అవతల ఎవరో ఇనుము మీద సుత్తితో కొడుతున్నారు. రెండేళ్ళుగా నేను చూసి కుళ్ళుకున్నది ఇదీ. అతను మోస్తున్నది నా తప్పు. నూటనాలుగు ఆదివారాలు దాన్ని మోశాడు, నేను దూరం నుంచి చూసి, పేరు కొట్టేస్తున్నాడని కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను.

బావమరిదికి అక్కడే చెప్పేశాను. పుస్తకం, చొక్కాలు, పదకొండు నెలలు, అంతా. వాడు తన చేతుల వంక చూసుకున్నాడు. వాటిని ఒళ్ళో పెట్టుకుని ఒకదానితో ఒకటి గట్టిగా నొక్కి పట్టుకున్నాడు.

"నాకెందుకు చెప్తున్నావు?" అన్నాడు చివరికి. "నాకు చెప్తే ఇవి ఆగుతాయా? ఆయనకి చెప్పు, పో. ఇవ్వాళే పో."

బావా అనలేదు. మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

దుకాణానికి వెళ్ళేసరికి ఐసు మేస్త్రి నేల మీద కూర్చుని రాగి గొట్టం అతికిస్తున్నాడు. నన్ను చూసి మంట తగ్గించి, "రండి అన్నయ్యగారూ, జాగ్రత్త, కింద సామాను" అంటూ స్టూలు కాలితో ఇటు జరిపాడు. నేను కూర్చోలేదు. కూర్చుంటే మళ్ళీ వచ్చేవారానికి వాయిదా వేస్తానని నాకు తెలుసు.

"ఆ పుస్తకం వాడు పడిపోయాక దొరకలేదు. నువ్వు గొట్టం పారేసిన రెండు వారాలకే దొరికింది. నా దగ్గరే పెట్టుకున్నాను."

అతను మంట ఆర్పేశాడు. బ్రష్షు సబ్బు నురగలో ముంచి, అప్పుడే వేసిన అతుకు చుట్టూ రాసి, బుడగలు వస్తాయేమోనని వంగి చూస్తూ ఉండిపోయాడు. విన్నాడో లేదో తెలియలేదు. మళ్ళీ చెప్పబోయాను.

"వాడు ట్యాంకులోకి దిగిన రోజు కూడా మీ దగ్గరే ఉందా?" అన్నాడు, తల ఎత్తకుండా.

"ఉంది."

"మర్చిపోయారా?"

తప్పించుకోవడానికి దారి అతనే చూపిస్తున్నాడు. అప్పుడు కూడా! అవునంటే నమ్మేవాడు. నిశ్చయంగా నమ్మేవాడు.

"మర్చిపోలేదు. నీ మీద కుళ్ళుతో చెప్పలేదు. వాణ్ణి అలా చేసింది నువ్వు కాదు, నేను."

బ్రష్షు పక్కన పెట్టాడు. రెండు చేతులూ ఎత్తి, వెనకా ముందూ తిప్పి చూసుకున్నాడు. "అయితే నేను ముట్టుకుంది నిజమే. మంచు నిజమే. నేను కాదన్నమాట" అన్నాడు. చిన్నగా రెండోసారి కూడా అన్నాడు, "నేను కాదన్నమాట." కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు. అతని భుజాలు కిందికి దిగి, ఊపిరి నెమ్మదించింది. బరువు దింపుకున్న మనిషి ఎలా ఉంటాడో ఎదురుగా చూశాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, నాకు మళ్ళీ కుళ్ళు పుట్టింది. అలా ఏడవడం నాకు ఇక ఈ జన్మకి రాదు.

చాలాసేపటికి లేచాడు. మొహం కడుక్కున్నాడు. బయట ఎవరో ఆటోలోంచి ఫ్రిజ్జు దింపుతుంటే అటు చూసి, నా పక్కగా దారి చేసుకుంటూ నిలబడ్డాడు.

"కొంచెం పక్కకి జరుగుతారా సార్?" అన్నాడు.

గిరాకీతో అతను మాట్లాడే పద్ధతి అది. గొంతులో కోపం లేదు. నేను పక్కకి జరిగాను.